ఎనిమిది ఆటలూ ఓడిన ఏడు

దుబాయ్ దగ్గర జెబెల్ అలీలో రేవు కడుతున్న రోజుల్లో మా సైటు ఆఫీసుకు పెద్ద ఒక అమెరికా ఇంజనీరు. అందరిలాగే నేనూ ఆయన్ను ముదీర్ అనేవాణ్ణి, అరబ్బీలో మేనేజరని అర్థం. ఆయన గదిలో కాంక్రీటు నమూనాల పక్కన ఒక ఇనప పెట్టె ఉండేది. డ్రాయింగులు ఉంటాయనుకున్నాను. ఒక రోజు నన్ను పిలిచి మూత తీశారు. లోపల స్కోర్లు రాసిన నోటు పుస్తకాలు, అంచులు విరిగిన ఫొటోలు, పత్రికల కత్తిరింపులు ఉన్నాయి. ఆయన చదువుకున్న కాలేజీ ఫుట్‌బాల్ జట్టు చరిత్ర మొత్తం ఆ పెట్టెలో ఉంది.

ఆ కాలేజీ వాళ్లు జట్టును ఇక మూసేస్తున్నారట. పాత ఆటగాళ్లు చివరిసారిగా ఒకచోట కలుస్తారు. అక్కడ మొదటి ఏడు నుంచి చివరి ఏడు వరకు జట్టు చరిత్ర చదవాలి. కాగితాలు ఈయన దగ్గర ఉన్నాయి కనుక రాసే పని ఈయనకు పడింది. ఆయన చేత్తో రాసి ఇస్తే నేను రెండు కార్బన్ ప్రతులతో టైపు చేయాలి. గురువారం సెలవు మీద ఇంటికి వెళుతున్న మరో ఇంజనీరు దాన్ని పట్టుకెళతాడు. అది తప్పితే సభ నాటికి చేర్చడానికి వేరే దారి లేదు.

నేను ఆ ఆఫీసులో టైపిస్టును. కరీంనగర్ దిక్కు ఒక గడికి, అంటే దొరల కోటలాంటి ఇంటికి, వారసుణ్ణి కూడా. అప్పటికి ఆ గడిలో మాకు మిగిలినవి రెండు గదులు. మా ఇంట్లో ఒకరి కింద పని చేయడం నాతోనే మొదలు. అందుకే నా పనిలో తప్పు దొరకకూడదని పట్టుదలగా ఉండేవాణ్ణి.

అది మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. కాలితో తన్నేది తక్కువ, చంకన పెట్టుకుని పరిగెత్తేది ఎక్కువ. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి, లేకపోతే బంతి అవతలి వాళ్లకు పోతుంది. జరిగారో లేదో అనుమానం వస్తే మైదానం మీద గొలుసు పరిచి కొలుస్తారు.

శుక్రవారం పొద్దున క్యాంపు నల్లాల దగ్గర బట్టలు ఉతికేటప్పుడు తోటివాళ్లకు ఈ సంగతులు చెప్పేవాణ్ణి. అడిగేది ఎక్కువగా ఒక తాపీ మేస్త్రీ. మాకు పక్క ఊరివాడు, వయసులో నాకంటే పెద్ద. నన్ను దొరా అని పిలిచేవాడు. ఆ పిలుపులో పాత అలవాటు ఎంతో, వేళాకోళం ఎంతో నాకు ఎన్నడూ తేలలేదు.

గొలుసు సంగతి వినగానే అతను చేతిలో సబ్బు ఆపాడు.

"గొలుసు ఏసి కొలుస్తరా? అయితే గది ఆట కాదు దొరా, భూమి తగాద."

నల్లాల దగ్గర అందరూ నవ్వారు. గొలుసు ఎవరు పట్టుకుంటారని ఒకడు అడిగాడు. రెండు జట్లకూ చెందని మనుషులని చెప్పాను.

"మన దిక్కు పట్వారి పడుతుండె," అన్నాడు మేస్త్రీ లుంగీ పిండుతూ. "గొలుసు గడి దిక్కే సాగుతుండె."

నేను బకెట్టు తీసుకుని వచ్చేశాను.

మా ఇంటికి ఒక వంశ చరిత్ర ఉంది. మా తాతగారు ఒక పండితుణ్ణి ఇంట్లో ఉంచి రాయించి, హైదరాబాదులో అచ్చు వేయించారు. ఎర్ర గుడ్డ అట్ట. చిన్నప్పుడు మా నాన్నగారు నన్ను నిటారుగా కూర్చోబెట్టి చదివించేవారు. దుబాయ్‌కి కూడా సూట్‌కేసు అడుగున దాన్ని తెచ్చుకున్నాను. అందులో మేము ఎక్కడా ఓడం. పక్క ఊరి రైతులు మా మీద భూమి వ్యాజ్యం వేసి గెలిచిన ఏడు ఒకటుంది. మా పతనం అక్కడే మొదలైంది. ఆ ఏడు పుస్తకంలో లేదు. పండితుడు ఒక పేరా ముగించి, సగం పేజీ ఖాళీ వదిలి, "అటు తరువాత" అంటూ కొత్త పేజీ ఎత్తుకుంటాడు. అది దాచడమని నేను అనుకోలేదు. పెద్దమనుషుల చరిత్రను మర్యాదగా రాసే పద్ధతి అదే అనుకున్నాను.

ముదీర్ రాసిన కాగితాల్లో సగం దాటాక యుద్ధం రోజుల నాటి ఒక ఏడు వచ్చింది. జట్టులో పదమూడు మంది. ఎనిమిది ఆటలు. ఎనిమిదీ ఓటములు. నాలుగింటిలో ఒక్క పాయింటు కూడా రాలేదు. ఆ కాగితాన్ని చాలాసేపు చూశాను. దీన్ని తలలు నెరిసినవాళ్ల సభలో పైకి చదవాలా అనిపించింది. పక్కన బోర్లా పెట్టి, ఆ తరువాతి ఏడును పదిహేడో పేజీలో టైపు చేసేశాను. ముదీర్ గమనిస్తారని, గమనించి మాట్లాడకుండా ఊరుకుంటారని, లోపల నన్ను మెచ్చుకుంటారని నమ్మాను.

మంగళవారం పొద్దున ఆయన ప్రతి చదువుతూ పదిహేడో పేజీ దగ్గర ఆగారు. వెనక్కి తిప్పారు. మళ్లీ ముందుకు తిప్పారు. ఒక ఏడు పోయింది, ఎక్కడుందని అడిగారు. ఓడిన ఏడు కదా, సభలో బాగుండదని వదిలేశానని లేచి నిలబడి చెప్పాను. ఆయన కేకలు వేయలేదు. పెట్టెలోంచి ఒక ఫొటో తీసి నా ముందు పెట్టారు. పదమూడు మంది కుర్రాళ్లు బురద దుస్తుల్లో ఉన్నారు. చివర కళ్లద్దాల పిల్లవాడి మీద వేలు ఉంచారు.

"నేను ఆడింది ఈ ఒక్క ఏడే," అన్నారు. "నాకు వేరే ఏడు లేదు."

మంచి ఆటగాళ్లంతా సైన్యానికి వెళ్లిపోయారట. కళ్లు సరిలేని వాళ్లు, వయసు చాలని వాళ్లు మిగిలారట. ఓడిపోతామని తెలిసీ ప్రతి శనివారం మైదానంలోకి దిగారట. ఆ పదమూడు మందిలో సభకు ఎంతమంది వస్తారో తెలియదు. వచ్చినవాళ్లు మాత్రం ఆ పేజీ కోసమే వస్తారని చెప్పి, పదహారు-ఏ అని నంబరు వేసి మధ్యలో కలిపేయమన్నారు. కుదరదన్నాను. అతికించిన పేజీ అతికించినట్టే కనబడుతుంది. పదిహేడు నుంచి చివరి దాకా, మూడు ప్రతులూ మళ్లీ కొట్టాను. బుధవారం సాయంత్రం ఆఫీసు మూసేలోపు అయిపోయింది.

అప్పుడే ఆ కాగితాన్ని సరిగా చదివాను. చివరి ఆటలో, ఆఖరి ప్రయత్నంలో, కళ్లద్దాల పిల్లవాడు బంతితో పడ్డాడు. గొలుసు తెచ్చారు. బెత్తెడు తక్కువైంది. ఎవరి మీదా నింద లేదు. అంచున ముదీర్ ఒక మాట రాసుకున్నారు: కొలత సరైనదే. ఆ మాటను కూడా టైపు చేశాను.

నెల తరువాత ఆ ఇంజనీరు తిరిగి వచ్చాడు. ఆ పేజీ చదువుతున్నప్పుడు నలుగురు ముసలివాళ్లు లేచి నిలబడ్డారని, చదవడం అయ్యేదాకా కూర్చోలేదని చెప్పాడు. ముదీర్ విని తలూపి, పెట్టె మూత వేశారు. నా వైపు చూడలేదు. నాకు అదే మంచిదనిపించింది.

ఆ శుక్రవారం ఎర్ర అట్ట పుస్తకం పట్టుకుని నల్లాల దగ్గరికి వెళ్లాను. ఖాళీ వదిలిన సగం పేజీ తెరిచి మేస్త్రీ ముందు పెట్టాను.

"ఇది మా ఇంటి చరిత్ర. మీ ఊరోళ్లు గెలిచిన ఏడు ఇందుల లేదు," అన్నాను. "ఆ ఏడు ఏమైందో చెప్పు, రాస్త."

అతను చేతులు తుడుచుకున్నాడు గాని పుస్తకాన్ని ముట్టుకోలేదు.

"మీరు ఓడిన ముచ్చట మీ బుక్కుల రాస్తవా దొరా?"

"రాస్త."

బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. పట్వారి గొలుసు మూడుసార్లు వేస్తే మూడుసార్లూ మూడు రకాలుగా వచ్చిందట. నాలుగోసారి కోర్టు మనిషి వచ్చి వేశాడట. అప్పుడు వాళ్ల నాయన రెండెకరాలు గడి హద్దు దాటి వాళ్ల వైపుకు వచ్చాయట. గొలుసు చివర ఆగిన చోట వాళ్ల నాయన కాలు మోపి నిలబడి, పొద్దుగూకే దాకా కదల్లేదట. ఇవన్నీ మెల్లగా, ఒకటి తరువాత ఒకటి చెప్పాడు. ఇందులో కొంత నాకు తెలుసు. తెలుసని అనలేదు.

కలం మూత తీశాను. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక ఆగాను.

"ముందుగాల మా నాయిన పేరు రాయి," అన్నాడు.

ఆ మాట చివర దొరా అని లేదు. నేను విన్నాను. పేరు రాశాను.