గట్టు మీది సైకిలోడు

బాన్సువాడ బస్టాండులో పిట్లం బస్సు కోసం కాసేపు నిలబడితే చాలు, ఏదో ఒక ఆటోలోంచి ఆ పాట వచ్చి చెవిలో పడుతుంది. టీవీ పాటల పోటీలో గెలిచిన బిచ్కుంద పిల్ల మొదటి పాటట, జానపదమట. "గట్టు మీది సైకిలోడా, గంట గొట్టి పోకురా, ఎనక సీటు మీదిదెవరో ఎరుక జేసి పోవురా." వీడియోలో ఆ వెనక సీటు మీద కూర్చుని సిగ్గుపడేది ఆ పిల్లే. చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. అది సరసం పాట కాదు, తిట్టు పాట. కట్టింది మా మేనత్త.

మామ ఇంకొకామెను తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే మేనత్త పుట్టింటికి, అంటే మా ఇంటికి వచ్చేసి నాట్లకు పోయేది. వేరే దారి ఉన్నా సరే, ఆ కొత్తావిడను సైకిలెక్కించుకుని మామ మా మడి పక్క నుంచే పోయేవాడు. పోట్లాడటానికి మేనత్త దగ్గరున్నది ఆ ఒక్క పాటే. ఆమె ఎత్తుకుంటే నాటేసే ఆడవాళ్ళంతా వంగిన నడుము ఎత్తకుండానే అందుకునేవారు. మొహాలే కనబడని వాళ్ళతో మగాడేం కొట్లాడతాడు? పైగా మా ఊరి నాట్లలో ఒక కట్టుబాటు ఉండేది. మొగుడి పేరు నోట పలకని ఆడది కూడా, కాళ్ళు బురదలో ఉన్నంతసేపు పాటలో ఆ పేరు తీయవచ్చు. గట్టెక్కితే తీయకూడదు. మామ పేరు వచ్చేది చివరి చరణంలో. అది విన్నాకే ఆయన చుట్టుదారి పట్టాడు.

పోయినేడు ఆ పిల్ల పాత పాటలు రికార్డు చేసుకుంటానని ఫోను పట్టుకుని వస్తే మేనత్త అరుగు మీద కూర్చుని పాడింది. పొడి నేల కాబట్టి చివరి చరణం పాడలేదు. ఎవరి మీద కట్టినవవ్వా అని ఆ పిల్ల అడగనూ లేదు. రాసిందీ పాడిందీ తనేనని మాత్రం పేరు వేసుకుంది.

మొన్న మామ మా వాకిట్లోకి వచ్చాడు. ముసలివాడయ్యాడు గానీ సిగ్గు మాత్రం రాలేదు. ఫోను మోగితే అదే పాట.

"ఊరంత నా మీది పాటనే ఇంటుండ్రు. గింత పేరు తెస్తివి, ఇగ కోపమేంది? ఇంటికి రా" అన్నాడు నవ్వుతూ.

"జర ఆగు. ఇంకో ముక్క ఉన్నది" అంది మేనత్త.

నల్లా దగ్గరి బకెట్ ఎత్తి మట్టి వాకిట్లో కుమ్మరించింది. చెప్పులు విడిచి, వేళ్ళ సందుల్లోంచి బురద పైకి వచ్చేదాకా తొక్కింది. తర్వాత గొంతెత్తి నేరుగా చివరి చరణమే పాడింది. ఒకప్పుడు ఆమెతో నాట్లేసిన పక్కింటి ముసలమ్మ గోడవతల నుంచి అందుకుంది. మామ నవ్వు మాయమైంది. వచ్చిన దారినే పోయాడు. ఆ పేరు నేనిక్కడ రాయను, నా కాళ్ళు పొడిగా ఉన్నాయి.

ఏళ్ళు గడిస్తే అన్నీ ఆరిపోతాయంటారు. మా వాకిలి మాత్రం ఇంకా ఆరలేదు.