డేగకు పురుడు

పక్షుల పుస్తకంలో తల మీద జుట్టుండే అడవి డేగ బొమ్మ పక్కన చిన్న పటం ఒకటి ఉంటుంది. అది కనిపించిన చోట్లకు రంగు వేశారు. పడమటి కనుమల పొడవునా రంగు ఉంది. మా శేషాచలం కొండలు మాత్రం నా దగ్గరున్న పుస్తకంలో తెల్లగానే ఉన్నాయి. ఆ తెలుపు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. లేదని తేల్చుకుని వదిలేశారా, ఎవరూ పోయి చూడక వదిలేశారా? ఈ రెండూ ఒకటి కావు. మూఢనమ్మకాల మీద మీటింగులు పెట్టి, కళ్లారా చూశావా అని ఊరందరినీ నిలదీసే అలవాటు నాది. అదే ప్రశ్న నాకూ వర్తిస్తుంది కాబట్టి, టీచరు ఉద్యోగం నుంచి దిగిపోయాక బైనాక్యులర్స్ మెడలో వేసుకుని అడవి అంచులు తిరగడం మొదలుపెట్టాను.

భాకరాపేట ఘాట్ దాటాక, కొండను ఆనుకుని ఒక మామిడితోట ఉంది. తోట యజమానురాలు గట్టి గొంతు మనిషి. ఆమె బోరు దగ్గర నీళ్లు తాగడానికి ఆగి ఆగి స్నేహం కుదిరింది. ఒక ఎండాకాలం పొద్దున ఆమే ఫోన్ చేసింది.

"అక్కా, నువ్వు ఎతుకుతా ఉండే జుట్టు గద్ద మా వంక గట్టున మద్ది చెట్టు మింద గూడు పెట్టినాది. పిల్ల గూడా ఉండాది. బిన్నా రా."

బస్సు దిగి పరుగులాంటి నడకతో వెళ్లాను. అదే. తల వెనక నల్లటి జుట్టు నిక్కబొడుచుకుని ఉంది. పొట్ట మీద గోధుమరంగు పట్టీలు. ముక్కున తొండను పట్టుకొచ్చి గూట్లో వాలింది. తెల్లటి నూగుతో ఒక పిల్ల నోరు తెరిచింది. బైనాక్యులర్స్ అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. ఇన్నేళ్ల తెల్లటి పటానికి జవాబు ఆ కొమ్మ మీద ఉంది.

ఆ సంతోషంలో తోటామె ఇంటికి వెళితే అక్కడ మరో బాలింత. ఆమె కూతురు. ఇంటి వెనక రేకుల కొట్టంలో నులకమంచం మీద, పసిబిడ్డను పక్కలో వేసుకుని చెమటతో తడిసిపోయి ఉంది.

"ఇంట్లో ఫ్యాన్ పెట్టుకుని ఈ పిల్లను ఈడ ఎందుకు ఉడకబెడతా ఉండావు?" అన్నాను.

"పురుడు తీరనీ, లోపలికి పిలుస్తాం. మధ్యలో నీ మీటింగు పెట్టొద్దు," అంది తోటామె.

పుత్తూరులో మా పుట్టింట్లో నేనూ అలాంటి గదిలోనే పడుకున్నాను. నా కంచం వేరు, నా చెంబు వేరు. బిడ్డను కన్న మనిషి అంటరానిదయ్యే తర్కం ఏమిటో అప్పుడు అడిగే ధైర్యం లేకపోయింది. తరువాత అడగడం ఆపలేదు. ఆ రోజూ ఆపలేదు. ఇద్దరం గొంతు చించుకుంటుండగా తోట గేటు దగ్గర ఆటోలు ఆగాయి.

మామిడికాయల ట్రాక్టర్ తోలే అతను గూటిని ఫోన్‌లో ఫొటో తీసి, 'కిరీటం పెట్టుకున్న గరుడుడు వెలసినాడు' అని ఊరి గ్రూపులో పెట్టాడట. పైగా శనివారం. తిరునామాలు, టెంకాయలు, కర్పూరం పళ్లేలు, చంకల్లో పిల్లలు. జనం నేరుగా మద్ది చెట్టు కిందికి నడిచారు. ఎర్ర రెక్కలు, తెల్లటి మెడ ఉండే పక్షిని గరుడుడని లెంపలు వేసుకునే ఊళ్లే మావి. దీనికి ఆ ఎరుపూ లేదు, ఆ తెలుపూ లేదు. ఒక్క జుట్టు చాలింది.

పరిగెత్తాను. "ఇది గరుడుడు కాదు, అడవి డేగ!" అని అరిచాను.

"డేగంటే కోళ్లను ఎత్తకపోయేదే గదా? అయితే రేయ్, ఉండేలు తీసకరాండ్రా!" అన్నాడొకడు. నలుగురు నవ్వారు. దేవుడైతే పొగ, కాకపోతే రాయి. మధ్యలో పిల్ల.

అది తొండల్నీ మిడతల్నీ తింటుందని నేను చెబుతూనే ఉన్నాను, ఎవరూ వినలేదు. కర్పూరం వెలిగించబోతున్నారు. తల్లి డేగ ఇంకో తొండతో వచ్చి, కింద గుంపును చూసి, వాలకుండా చుట్టూ తిరుగుతోంది. అప్పుడు నా వెనక నుంచి తోటామె గొంతు లేచింది.

"ఏమప్పా, మీకు బుద్ధి ఉండాదా? గరుడమ్మ పురిట్లో ఉంటే టెంకాయ కొడతారా? మీ ఇండ్లల్లో పురుడొస్తే దీపమన్నా పెడతారా? మైల గూటి కింద హారతా?"

అగ్గిపుల్ల ఆగింది. ముసలాయన ఒకడు పళ్లెం దించేశాడు. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇందాక ఉండేలు తెమ్మన్నవాడు మాత్రం నా వైపు తిరిగాడు.

"ఏం టీచరమ్మా, పురుడూ లేదు, మైలా లేదు అని మా ఇస్కూల్లో ఉపన్యాసం ఇచ్చింది నువ్వే గదా? ఇప్పుడు చెప్పు. ఉండాదా, లేదా?"

తోటామె నా చెయ్యి గట్టిగా గిల్లింది. 'ఉంది' అంటే పిల్ల బతుకుతుంది. కానీ ఆ మాట అక్కడితో ఆగదు. టీచరమ్మే ఒప్పుకుంది అంటూ ప్రతి పల్లెలో రేకుల కొట్టానికి గడియ పెడుతుంది. 'లేదు' అంటే కర్పూరం వెలుగుతుంది.

"లేదు," అన్నాను. "ఆ గూట్లోనూ లేదు, ఈమె కొట్టంలోనూ లేదు. ఉండేది పసిబిడ్డ. అది చాలదా? తలకాయ ఎత్తి సూడండి. మనం నిలబడుకున్నంతసేపూ ఆ తల్లి దిగదు. దిగకపోతే ఆ పిల్లకు తిండీ లేదు, నీడా లేదు. బిడ్డ ఎండకు చచ్చినాక ఎవరికి కొడతారు టెంకాయ?"

అందరూ పైకి చూశారు. తొండ ఇంకా దాని ముక్కునే వేలాడుతోంది.

"ఇనబడిందా?" అంది తోటామె. "టీచరమ్మ లెక్కలోనూ ఈడ ఉండగూడదు, నా లెక్కలోనూ ఉండగూడదు. నడవండి!"

"రెక్కలొచ్చినాక వస్తాంలే అమ్మా," అన్నాడు ముసలాయన. ఆయన తిరిగితే మిగతావాళ్లూ తిరిగారు. మేము దూరంగా మామిడి నీడలోకి జరిగాక తల్లి దిగింది.

"అందరి ముందరా నా కొట్టం మాట ఎత్తాల్నా?" అంది తోటామె.

"ఎత్తాల."

ఆ సాయంత్రం బస్సు దాకా సాగనంపడానికి ఆమె రాలేదు. మళ్లీ వెళ్లేసరికి కూతురి మంచం ఇంట్లో, హాల్లో ఫ్యాన్ కింద ఉంది. "ఉక్కకు బిడ్డ ఒకటే ఏడుపు," అంది, నేనేమీ అడగకుండానే. నేను బిడ్డను ఎత్తుకున్నాను. గెలిచామని చెప్పుకోవడానికి అది డిబేటు కాదు, ఇల్లు.

పటాలు తయారుచేసేవాళ్లకు గూటి ఫొటో ఒకటి పంపాను. శేషాచలం అని రాశాను, తోట పేరు రాయలేదు.

పిల్ల ఎగిరిపోయిన తరువాతి శనివారం జనం అన్న మాట ప్రకారం వచ్చారు. మద్ది చెట్టు మొదట్లో టెంకాయలు పగిలాయి, కర్పూరం వెలిగింది, గోవిందా అని అరిచారు. ఖాళీ గూటికి ఎన్ని హారతులు ఇచ్చుకున్నా నాకు అభ్యంతరం లేదు. తోటామె కూతురు బిడ్డను చంకనేసుకుని వచ్చి, ఒక టెంకాయ చిప్ప నా చేతిలో పెట్టింది.

"ప్రసాదం అనుకోవద్దులే పెద్దమ్మా. టెంకాయ అనుకో."

అలాగే అనుకుని తిన్నాను. లేత కాయ, తియ్యగా ఉంది.