దిగుడు లేని సైకిల్

మా ఊళ్లో దొర ఉండే గడి కూలిపోయి చాలా కాలమైంది. ముందరి కమాను ఒక్కటే మిగిలింది. దాని కింద నా టీ కొట్టు, రజిత టీ స్టాల్. ఒకప్పుడు ఆ కమాను ముందు నుంచి ఎవరూ సైకిల్ ఎక్కి పోకూడదు. దొర లోపల ఉన్నా లేకున్నా దిగాలి, చెప్పులు చేతబట్టుకుని నడవాలి, దాటాక ఎక్కాలి. ఇప్పుడు అదే కమాను ముందు పిల్లలు బండికి ముగ్గురేసి కూర్చుని హారన్ కొట్టుకుంటూ పోతున్నారు. ఒక్క టీక్యా తాత మాత్రం ఇంకా దిగుతాడు. పొద్దున్నే తండా నుంచి పాల క్యానుతో వస్తాడు, కమాను రాగానే దిగుతాడు, దాటాక మళ్లీ ఎక్కుతాడు.

"ఎవలున్నరని దిగుతవ్ తాతా?" అని ఒకసారి గట్టిగానే అడిగాను.

"నేను దిగుతలేను బిడ్డా. కాళ్లే దిగుతున్నయి. చెప్తె ఇంటలేవు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. కానీ మండి ఏం చేస్తాం, కాళ్లు ఆయనవి.

ఆ దొర మనుమడే జైపాల్. చెడ్డవాడని నేననను. పక్కనున్న కొడకండ్లలో ఎరువుల దుకాణం, ఒంట్లో షుగరు, మనసులో సర్పంచి కుర్చీ. వయసు వచ్చినప్పటి నుంచి ఆయనకు ఉన్న కోరిక అదొక్కటే. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ సీటు మహిళలకో, ఇంకొకరికో రిజర్వు అయ్యేది. మహిళలకైనప్పుడు భార్య కమలాదేవిని నిలబెట్టమని ఊరంతా చెప్పింది. "ఆమె గెలిస్తె నేనేం గావాలె?" అని ఆమెను నిలబడనివ్వలేదు. ఈ చలికాలం సీటు జనరల్ అయింది. ఆయనకు అరవై దాటాయి. ఇదే ఆఖరి మోక.

ఎదుటివాడు రమేశ్. ఆటో నడుపుతాడు. చెయ్యెత్తిన ప్రతి మనిషి దగ్గరా ఆపడం వాడికి బతుకుదెరువు, కాబట్టి వాడు కొత్తగా ఏ ప్రచారమూ చేయనక్కర్లేదు. ఊళ్లో ఓట్లు చెరిసగం. తేల్చేది తండా.

జైపాల్ మా కొట్టు ముందు నిలబడి, కొడుకు ధీరజ్ ఫోనులో వీడియో తీస్తుండగా ప్రకటించాడు. "మా తాత ముందర మీరు సైకిల్ దిగిన్రు. అది తప్పే. ఇప్పుడు మీ ముందర నేను దిగుత. తండాకు సైకిల్ మీద పోత, పొలిమేరల దిగుత, టీక్యన్నకు దండం వెట్టి ఇల్లిల్లు తిరుగుత." అప్పటిదాకా టీక్యా అని పిలిచిన నోరు టీక్యన్న అన్నది. నన్ను కూడా ఇకమీదట తనను అన్నా అని పిలవమన్నాడు. పిలిచాను. నాకేం పోయింది?

ఆ మాటకు జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు ఆయనకు గుర్తొచ్చింది, ఇంట్లో సైకిల్ లేదని.

ఊళ్లో ఎవరిని అడిగినా ఇచ్చేవారు. కమలాదేవి ఒప్పుకోలేదు. "ఈ ఇంట్లకెళ్లి పోయి సైకిల్ అడుక్కుంటవా? నలుగురు నవ్వరా?" అన్నదట. జైపాల్‌కు కూడా అదే సబబనిపించింది. తలవంచడానికి పోయే మనిషి సైకిల్ అడగడానికి తలవంచలేకపోయాడు. ధీరజ్ హైదరాబాద్ నుంచి తన సైకిల్ తెప్పించాడు.

అది చూడటానికి సన్నగా, ముచ్చటగా ఉంది. బ్రేకులు లేవు. ఫిక్స్‌డ్ గేర్ అట. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది, కాళ్లు ఊరికే పెట్టుకుని కూర్చోవడానికి వీల్లేదు. ఆపాలంటే కాళ్లతోనే బిగబట్టాలి. "వట్టిగ ఆగదు బాపూ, నువ్వే ఆపాలె" అని ధీరజ్ మొదటి రోజే చెప్పాడు. దుకాణం నడిపేవాడికి సైకిల్ ఓ లెక్కా అన్నట్టు జైపాల్ తలూపాడు.

ఇక చూడాలి, పొద్దుపొద్దున్నే ఆ చలిలో మంకీ క్యాప్, మఫ్లర్, పైన కోటు, కింద కాళ్లు గిరగిర. వేళ్లు కొంకర్లు పోయి హ్యాండిల్ పట్టు దొరికేది కాదు. ఆగాలనుకున్నప్పుడల్లా మా కొట్టు బల్లను గుద్ది ఆగేవాడు. ఎక్కడం తేలిక, దిగడమే చేతకాదు. ఆ ఇంటికి తగ్గ సైకిలే అనుకుని నేను లోపల్లోపల నవ్వుకున్నాను.

తండాకు పోయే రోజు అందరికీ టీ పొయ్యమని నన్నూ రమ్మన్నారు. మంచు దట్టంగా ఉంది. తండా పొలిమేరలో ఆడవాళ్లు బంతిపూలు పట్టుకుని నిలబడ్డారు. ధీరజ్ ఫోనులో లైవు పెట్టాడు. తండాకు పోయే దారి వాగు దాకా దిగుడు. జైపాల్ తెల్ల పంచె కట్టి, ఆ దిగుడు మీద మంచులోంచి బయటపడ్డాడు.

సైకిల్ ఊపందుకుంది. పెడళ్లే ఆయన కాళ్లను తిప్పుతున్నాయి. చేతులు వదిలితే పడతాడు, కనుక దండం లేదు. కళ్లు పెద్దవి చేసుకుని "జరుగున్రి! పక్కకు జరుగున్రి!" అని అరుస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే టీక్యా తాత పాల క్యానుతో ఎదురు వచ్చాడు. ఎదురుగా దొర మనుమడు. తాత కాళ్లు ఆయన మాట ఎప్పుడు విన్నాయి గనుక? దిగాడు. పక్కకు జరిగి, భుజం మీది తువ్వాలు తీసి చేతబట్టుకుని నిలబడ్డాడు. జైపాల్ ఆయన ముందు నుంచి, పూలు పట్టిన ఆడవాళ్ల ముందు నుంచి, సేవాలాల్ గుడి ముందు నుంచి, రెండు వరసల ఇళ్ల నడుమ నుంచి ఎక్కడా దిగకుండా పోయి, అవతల పత్తి చేనులో పంచె చైనులో ఇరుక్కుని పడ్డాడు.

తాత చేను దాకా నడిచి వెళ్లి లేపాడు. పంచె విడిపిస్తూ, "మీ ఇంట్ల సైకిల్ గూడ ఆగదా దొరా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

మధ్యాహ్నానికి ఆ వీడియో ప్రతి ఫోనులో ఉంది. దొర తండాలోంచి సైకిల్ ఎక్కి పోతున్నాడు, ముసలాయన దిగి నిలబడ్డాడు. ఇంకేం చెప్పాలి? జైపాల్ రాత్రంతా నిద్రపోలేదని కమలాదేవి చెప్పింది. మర్నాడు తాత దగ్గరికి పోయి బతిమాలాడు. "టీక్యన్నా, సైకిల్ మీదికొస్తున్నదని దిగిన, దొర అని గాదు అని చెప్పు. నీ పుణ్యముంటది." తాత సరేనన్నాడు. ధీరజ్ మళ్లీ వీడియో తీశాడు.

తాత ఫోను వైపు చూసి ఉన్నదున్నట్టు చెప్పాడు. "దొర మీదికొస్తుండు. భయమైంది. దిగిన."

రమేశ్ మనుషులకు పోస్టర్లు వేసే పని తప్పింది. తండా మొత్తం ఆటో వైపు పోయింది. లెక్కింపు అయిన సాయంత్రం జైపాల్ మా బల్ల మీద కూర్చుని టీ తాగకుండా చల్లార్చాడు. ఆయన మీద నాకు మొదటిసారి జాలి కలిగింది. సైకిల్ ఆపడం రాక ఓడిపోయిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

ధీరజ్ హైదరాబాద్ వెళ్లిపోయాడు. సైకిల్ ఇక్కడే ఉంది. షుగరు కూడా ఉంది గనుక జైపాల్ తొక్కడం మానలేదు. చలి ముదిరింది, ఆయన కాళ్లు కూడా కాస్త ముదిరాయి. సంక్రాంతి దాటాక ఒకనాడు పొద్దున కమాను ముందుకు వస్తున్నాడు. అటు నుంచి టీక్యా తాత.

జైపాల్ కాళ్లు బిగబట్టాడు. చక్రం గీసుకుంటూ నిదానించి, మా బల్లకు తగలకుండా ఆగింది. దిగాడు. మంకీ క్యాప్ తీసి, రెండు చేతులూ జోడించాడు.

తాత దిగలేదు. "రాం రాం దొరా" అని, క్యాను చప్పుడు చేసుకుంటూ కమాను ముందు నుంచి నేరుగా వచ్చి నా పొయ్యి దగ్గర ఆగాడు.

"ఏంది తాతా, ఇయ్యాల కాళ్లు ఇన్నయా?" అన్నాను పాలు పోయించుకుంటూ.

"మనుమరాలు ఫోన్ల సూపెట్టింది బిడ్డా, నేను దిగి నిలవడ్డది. ఇన్నేండ్ల సంది దిగుతున్నగని, ఎట్ల అగుపడతనో ఎన్నడు సూస్కోలే. మనసుకు మంచిగ అనిపియ్యలే" అని, సైకిలెక్కి పోయాడు.

జైపాల్ సైకిల్ నడిపించుకుంటూ కొట్టు దగ్గరికి వచ్చాడు. ఎట్టకేలకు దిగాడు పాపం, అదే చెప్పుకుంటాడు, మెచ్చుకుందామనుకున్నాను. కానీ ఆయన చూపు తాత పోయిన దారి మీదే ఉంది.

"సూసినవా రజితా?" అన్నాడు. "టీక్యా దిగలే."