మొదటి శుక్రవారం జావ

మా అమ్మని నమ్మించడం చాలా తేలిక. ఫాదర్ గారు చెప్పారనో, ఊళ్ళో జపాలు చెప్పించే ఉపదేశిగారు కబురు పంపాడనో అంటే చాలు, ఇంక మారుమాట ఉండదు. అది తెలిసి కూడా నేను ఆ పని చేశాను. సిగ్గులేని దాన్ని.

మాది నల్లరేగడి ఊరు. మిరప, పత్తి తప్ప వేరే లోకం లేదు. మేము ఆర్.సి.ఎం. వాళ్ళం, అంటే కేథలిక్కులం, గుడేమో మూడు మైళ్ళ అవతల. నాన్న పోయిన ఏడాది కూడా అమ్మ ఆదివారం పూజ మానలేదు. వానాకాలం చెప్పులు చేత్తో పట్టుకుని ఆ బురదలోనే నడిచేది. మిరపకాయలు కోసేటప్పుడు జపమాల ముట్టుకునేది కాదు, ఘాటు చేతులు కదా! అందుకని చెట్టుకో మంగళవార్త జపం. పది చెట్లకో పరలోక జపం. “సాలు పూర్తయ్యేసరికి మరియతల్లికి ఓ మాల ముట్టిందే” అని నవ్వేది. నా కూతురికి మాటలు సరిగ్గా రాకముందే సిలువ గుర్తు వేసుకోవడం నేర్పింది. నాకంత ఓపిక ఎప్పుడుంది?

నేను ఒక్కదాన్నే కూతుర్ని, మా ఆయన ఇల్లరికం వచ్చాడు. కాబట్టి రెండువేల సంవత్సరం దాటాక అమ్మ మంచం పడితే చూసుకోవాల్సింది నేనే. మంచాన ఉన్నవాళ్ళకి నెలనెలా మొదటి శుక్రవారం ఫాదర్ గారే ఇంటికొచ్చి దివ్యసత్ప్రసాదం, అదే క్రీస్తు శరీరమని మేము నోట వేసుకునే అప్పం, ఇచ్చేవారు. ఆ రోజు కోసం అమ్మ నెలంతా ఎదురుచూసేది. స్టూలు మీద తెల్లగుడ్డ పరిపించి, కొవ్వొత్తి పెట్టించేది. ముందురోజు రాత్రి భోజనమయ్యాక ఇంక ప్రసాదం నోట పడేదాకా మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. అది పాతకాలం నియమం, జబ్బువాళ్ళకి అసలే అక్కర్లేదు అని ఫాదర్ గారు ఎన్నిసార్లు చెప్పారో. ఆయన మాట అమ్మ విననిది ఈ ఒక్క సంగతిలోనే.

ఆ ఏడాది కోతల్లో కూలీలు దొరకడం గగనమైపోయింది. పక్క మండలం నుంచి ఆటో పెట్టి తెప్పించాం. ఒక మొదటి శుక్రవారం మా ఆయన బస్తాలతో గుంటూరు యార్డుకి పోయాడు, చేలో నేనుండాలి. ఎనిమిదింటికల్లా వస్తానన్న ఫాదర్ గారు పదైనా రాలేదు. అమ్మ జావ ముట్టదు. జావ తాగితేగానీ షుగరు మాత్ర వెయ్యకూడదు. మాత్ర వేస్తేగానీ నేను కదలకూడదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“అమ్మా, ఉపదేశిగారు కబురు పంపాడు. ఫాదర్ గారికి ఒంట్లో బాగాలేదంట, ఈవేళ రారంట” అన్నాను.

“అయ్యో, ఏమైందో పాపం!” అని ఆయన కోసం సిలువ గుర్తు వేసుకుంది. “సర్లే, తేవే” అంది. గ్లాసు నోటికి పెడితే గుటగుటా తాగేసింది. ఎంత ఆకలి మీదుందో!

మాత్ర కోసమే అలా అన్నానని ఇప్పుడు చెప్పుకోవచ్చు. కాదు. నా ధ్యాసంతా చేలో ఉంది.

గ్లాసు కడుగుతుండగానే వాకిట్లో మోటార్ సైకిల్ ఆగింది. దారిలో పంచరైందట, ఫాదర్ గారు ఆపసోపాలు పడుతూ లోపలికొచ్చారు. అమ్మ ఆయన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది.

“ఈ నెలకి వద్దండయ్యా” అంది అమ్మ. “ఆకలికి ఆగలేక నేనే అడిగి జావ తాగేశాను.”

తప్పులేదమ్మా అని ఆయన ఎంతో నచ్చజెప్పారు. అమ్మ తల అడ్డంగా ఊపింది. “వచ్చే నెల తీసుకుంటాను లెండి.”

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ అడగలేదండీ, అబద్ధం చెప్పి తాగించింది నేనే అనడానికి ఎంతసేపు? ఆ మాట నేనంటే ఆయన ఇంకాస్త గట్టిగా చెప్పేవారేమో, అమ్మ తీసుకునేదేమో. అనలేదు. నా పరువు నాకు ముఖ్యమైంది.

ఆయన వెళ్ళాక “అమ్మా...” అని ఏదో అనబోయాను.

“పొద్దెక్కింది, చేలోకి పోవే. కూలోళ్ళు నీకోసం చూస్తుంటారు” అంది.

పోయాను. అంత జరిగాక కూడా పోయానండీ!

వచ్చే మొదటి శుక్రవారానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయనగా అమ్మ నిద్రలోనే పోయింది. ఫాదర్ గారు వచ్చేసరికే ఒళ్ళు చల్లబడిపోయింది.

మూడేళ్ళు ఈ సంగతి కడుపులో పెట్టుకున్నాను. చివరికి ఒక ఏడాది, ఈస్టరు ముందొచ్చే తపస్సు కాలంలో, కొత్తగా వచ్చిన ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనంలో చెప్పేశాను. ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నారు. మూడేనా! నాకు కోపమొచ్చింది. అమ్మ లెక్కలో మూడంటే మూడు మిరపచెట్లు.

మర్నాడు కోతకి వంగి మూడు చెట్లకీ మూడూ చెప్పాను. ఏం తేలిక పడలేదు. నాలుగో చెట్టు దగ్గర ఆపబుద్ధి కాక సాలు చివరిదాకా చెప్పుకుంటూ పోయాను. అప్పట్నుంచీ ప్రతి కోతకీ అంతే. ఎన్ని చెప్పుకుంటే ఏం లాభం? మా అమ్మ దేవుణ్ణి నోట వేసుకోకుండానే పోయింది, నా మూలాన.