పైపు మీద కాలు, చేతిలో దయ్యాల దర్జీ

సెప్టిక్ ట్యాంకులు తోడే మనిషి మొన్న తాగొచ్చి మా వీధి పాడుచేశాడని అందరూ కోడై కూస్తున్నారు. తాగలేదు. పక్కనే నిలబడి చూశాను. ఆ కంపు ఇంకా ముక్కులోంచి పోలేదు. అయినా సరే, లేని మాట అంటే ఒప్పుకోను. ఆ మాట ట్యాంకరు ఓనరు చెవిన పడింది. నిజమైతే తాళాలు లాక్కుంటానన్నాడట. పదహారేళ్ళ పని!

అతని పని పద్ధతి మీరు చూసుండరు. పైపు లోపలికి దించి, మోటారు వేసి, ఎడమకాలితో పైపును అదిమి నిలబడతాడు. అరగంటసేపు అక్కడ చూడ్డానికేముంది, ఛీ! తోడటం అయిపోవస్తే పైపు వణుకు మారుతుంది, ఆ సంగతి కాలికే తెలుస్తుంది. కళ్ళకి పనిలేదు. అందుకని పుస్తకం తీస్తాడు.

"దయ్యాల దర్జీ" అని తొమ్మిది భాగాలు. వాళ్ళమ్మ చిత్తుకాగితాలు ఏరి అమ్మేది. ఆ కుప్పలో మొదటిది దొరికిందట, మిగతావి ఒక్కొక్కటే కొనుక్కున్నాడు. పెళ్ళాం ఇంట్లోకి రానివ్వదు, వాటి కాపురం ట్యాంకరు సీటు కిందే. ఆమధ్య ఒకదాన్ని రెండువేళ్ళతో పట్టి తెరిచాను. జిడ్డు, బూజు, పేజీల మధ్య బొద్దింక కాలు. మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాను.

"ఇందులో ఏముందయ్యా అంత?" అన్నాను.

"తల లేని దయ్యం టోపీ కుట్టమని వస్తుంది పెద్దమ్మా. కొలతకి తల ఏదంటాడు దర్జీ. నువ్వు ముందు కుట్టు, దానికి సరిపోయే తల నేను వెతుక్కుంటాలే అంటుంది!"

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు, ఆ చేతుల్తోనే. నాకు వాంతొచ్చినంత పనైంది. నవ్వూ వచ్చింది, ఏం చెయ్యను!

మొన్న చదివిందీ అదే కథ. పగలబడి నవ్వాడు, కాలు లేచింది. పైపు పాములా ఎగిరి, మూతికున్నదంతా ఎదురింటి లెక్కల మాస్టారి ఇస్త్రీ చొక్కా మీద చిమ్మింది. నోట్లోనూ పడిందేమో, అడగలేదు. మందు వాసనొచ్చిందని పుట్టించింది ఆయనే. అంత కంపులో మందు వాసన పసిగట్టిన ముక్కుకి దణ్ణం పెట్టాలి.

నిన్న ఓనరునీ, మాస్టారినీ, ఇతన్నీ మా గుమ్మం ముందుకి పిలిపించాను. ఇతను తాగలేదనీ, ముప్ఫైసార్లు చదివిన కథకే మళ్ళీ నవ్వి కాలు ఎత్తేశాడనీ చెప్పాను.

"ముప్ఫైసార్లు చదివిన జోకుకి ఒళ్ళు తెలీకుండా ఎవడు నవ్వుతాడమ్మా, మందు పడకపోతే?" అన్నారు మాస్టారు. ఓనరు తలూపి తాళాలకోసం చెయ్యి చాపాడు. ఇక నేనే అడిగాను.

"ఏమయ్యా, ఆ దయ్యం ఏమంటుందో నీకు ముందే తెలుసుగా. అంత నవ్వెలా వచ్చింది?"

తలొంచుకున్నాడు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడనుకున్నాను. కాదు, నవ్వు ఆపుకుంటున్నాడు.

"తెలుసు కాబట్టే పెద్దమ్మా. అప్పటికి దయ్యం ఇంకా రెండు పేజీల అవతలే ఉంది. వచ్చేస్తోందని తెలిసి ఆగలేకపోయాను."