గోరుచుట్టు అన్న ఒక్క మాట

2023 జూలై 11, మంగళవారం, ఉదయం 10 గంటల 20 నిమిషాలు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీని ఆనుకుని ఉన్న ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నేను అప్పటికి పందొమ్మిదేళ్లుగా నర్సును. ఆ ఉదయం నా డ్యూటీ ట్రయాజ్ బల్ల దగ్గర. ట్రయాజ్ అంటే, వచ్చిన రోగి బాధ ఏమిటో ముందుగా కనుక్కొని చీటీ మీద రాయడం, ఎవరిని త్వరగా లోపలికి పంపాలో తేల్చడం. మా డాక్టరుగారిది పక్కనే ఉన్న మస్తూరీ అనే ఊరు. ఆయనకు తెలుగు రాదు. అందువల్ల తెలుగువాళ్ల మాటను వైద్యభాషలోకి మార్చి రాసే బాధ్యత కూడా నాదే.

వరుసలో ముప్ఫై నాలుగో మనిషి రవణమ్మ. వయసు యాభై ఎనిమిది. శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో రైల్వే పనికి వచ్చిన కుటుంబం. ఊళ్లోని లాల్‌ఖదాన్ పేటలో ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. అదే ఆమె బతుకుతెరువు. ఆమె కుడి చూపుడు వేలికి నిమ్మకాయ తొడిగి ఉంది.

“ఏటయింది పిన్నీ?”

“ఏటవుద్దమ్మా, గోరుసుట్టు. సూడు, నా ఏలు గార్డు బాబులాగ టోపీ ఎట్టుకొని కూకున్నాది.”

నవ్వాను. మా అమ్మ కూడా నిమ్మకాయకు కన్నం చేసి, ఉప్పూ పసుపూ కూరి మా వేళ్లకు తొడిగేది. ఆ పసుపు మరక చూడగానే నాకు అంతా తెలిసినట్టే అనిపించింది.

“ఎన్నాళ్లయింది?”

“మూడ్రోజులు. బేగి తగ్గే మందు రాయించీ తల్లీ. కత్తెర పట్టాల గదా. ఈ ఏలు నేకపోతే నా మిసను తుప్పట్టిపోద్ది.”

చీటీ మీద ‘పారోనికియా, కుడి చూపుడు వేలు’ అని రాశాను. గోరు అంచున చర్మం వాచి చీము పట్టడాన్ని అలా అంటారు. నిమ్మకాయను తీయించలేదు. లోపల డాక్టరుగారు నా చీటీ చదివి, ఐదు రోజులకు మాత్రలు రాసి, రోజుకు మూడుసార్లు గోరువెచ్చని నీళ్లలో వేలు ముంచమన్నారు. గోరుచుట్టే అయితే ఆ వైద్యం సరైనదే. నా బల్ల దగ్గర ఆమె ఉన్నది నాలుగు నిమిషాలు.

శుక్రవారం, 14వ తేదీ, ఉదయం 8 గంటల 40 నిమిషాలకు కోడలు పూజ ఆమెను పట్టుకుని తీసుకువచ్చింది.

“మూడు రాత్రులు సోయీ నహీ సిస్టర్, కన్నే ముయ్యలేదు. నిమ్మకాయ మారుస్తోంది గానీ వేలు ఎవరినీ ముట్టనివ్వదు. పండాలి, పండాలి అంటుంది.”

డాక్టరుగారు ఈసారి చీటీ అడగలేదు. “ముందు దీన్ని తీయండి,” అన్నారు హిందీలో. నేనే తీశాను. గోరు అంచున ఎర్రదనం లేదు. వాపంతా అడుగున, వేలి మొన కండలో ఉంది. అది రాయిలా గట్టిపడి, నడిమధ్య నల్లబడింది. వేలు కొద్దిగా వంగిపోయి ఉంది. ఆయన దాన్ని మెల్లగా చాచబోతే రవణమ్మ రెండో చేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

ఇది ఫెలన్. వేలి మొన కండలో మూసుకున్న చిన్న చిన్న అరలుంటాయి. వాటిలో చీము చేరితే బయటికి దారి ఉండదు; ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ ఆగుతుంది, ఎముక దెబ్బతింటుంది. ఏదైనా గుచ్చుకుందేమో అడగమన్నారు డాక్టరుగారు.

“సూది దిగిపోనాదమ్మా. మొన్న శనోరం, మిసను సూది. పీకీసి, పసుపెట్టీసినాను.”

“మరి మంగళవారం చెప్పలేదేం పిన్నీ?”

“నువ్వు అడగనేదు గదా. గోరుసుట్టంటే నీకు తెలీదేటి అనుకున్నాను.”

ఆమె దృష్టిలో వేలి చివర వాచే ప్రతిదీ గోరుచుట్టే. నా దృష్టిలో అది ఒకే జబ్బు. మాట ఒకటే కావడంతో ఇద్దరం అక్కడితో ఆగిపోయాం.

రక్తంలో షుగర్ చూస్తే 312. తనకు మధుమేహం ఉన్నట్టు ఆమెకు అంతవరకూ తెలియదు. ఆ మధ్యాహ్నమే సర్జన్ కోసి చీము తీశారు. అప్పటికే ఎముకకు చీము పట్టింది. ఆగస్టు 2న ఎముక మొన తీయవలసి వచ్చింది.

మంగళవారం వేలు చూడకుండానే రాశానని డాక్టరుగారికి చెప్పాను. “నేనూ చూడకుండానే సంతకం పెట్టాను,” అన్నారాయన. రవణమ్మకు చెప్పడం అంతకన్నా కష్టమైంది. ఆమె కట్టు వైపు చూసింది.

“నువ్వు మన మనిసివని నానేటీ సెప్పనేదు. ఆ బాబుకి మన మాట రాదు గాబట్టి తీసి సూసినాడు,” అంది.

ఆ తరువాత ఏ వేలి నొప్పికైనా రోగి చెప్పిన పేరును ముందు రాయడం మానేశాను. కట్టు, ఉంగరం, నిమ్మకాయ ఏదున్నా తీయిస్తాను. నొప్పి గోరు పక్కనా, మొన అడుగునా, కణుపులోనా అని వేలు పెట్టి చూపించమంటాను. ఉదయం వేలు ముడుచుకుని, చాచితే టక్కున విడివడితే అది ట్రిగ్గర్ ఫింగర్, అంటే స్నాయువు ఇరుక్కోవడం. విశ్రాంతి, వేలు కదలకుండా కట్టే బద్ద, అవసరమైతే ఇంజెక్షన్. బొటనవేలు, చూపుడు, మధ్యవేళ్లు రాత్రిపూట తిమ్మిరెక్కితే మణికట్టులో నరం నొక్కుకుపోతున్నదేమో చూడాలి. గోరు దగ్గరి కణుపులు గట్టిపడి నొస్తే సాధారణంగా అరుగుదల. వేడి కాపడం, వ్యాయామం. వీటికి వైద్యం రెండు రోజులు ఆగినా ఫరవాలేదు. గుచ్చుకున్న తరువాత నిద్ర పట్టనివ్వకుండా సలిపే మొన, చాచలేని వేలు మాత్రం ఆగవు. అదే రోజు డాక్టరు చూడాలి, షుగర్ ఉంటే మరీను.

ఆ ఏడాది చివరికి తేలినది ఇది. పోయినవి: చూపుడు వేలి చివరి ఎముకలో సగం, గోరు, మొనకు స్పర్శ, మంగళవారం నుంచి శుక్రవారం దాకా మూడు రోజులు. మిగిలినవి: రెండు కణుపులు, తక్కిన నాలుగు వేళ్లు, అదుపులోకి వచ్చిన షుగర్. కత్తెర ఇప్పుడు మధ్యవేలితో పడుతుంది. రోజుకు మూడు జాకెట్లు కుట్టేది, ఇప్పుడు ఒకటి.