రొయ్యల చెరువులో రెండు పైపులు

పదిహేను రోజుల తర్వాత మా బావమరిది తన రొయ్యల చెరువులోంచి తాడు పైకి లాగాడు. దానికి కట్టిన రెండు పైపు ముక్కల్లో స్టెయిన్‌లెస్ స్టీలుదానికి అతుకు దగ్గర తుప్పు మరకలు కనిపించాయి. నల్ల పూత పూసిన మామూలు ఇనుప ముక్క మాత్రం దించినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"ఇదేంది బావా, స్టీలే తుప్పు పట్టుండాదే?" అన్నాడు.

కోట ఊరి దగ్గర చెరువుల వాళ్లు నీళ్లలో గాలి కలిపే ఏరియేటరుకు బోల్టు కొన్నా ముందు ఉప్పునీళ్లలో వేలాడదీసి చూస్తారు. ఇతని స్పోర్ట్స్ కారుకు ఎగ్జాస్ట్ హెడర్లు, అంటే ఇంజను పొగను బయటికి పంపే పైపులు, సముద్రపు గాలికి తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. ఈసారి కొత్త హెడర్ల ఎంపికలో పొరపాటు జరగకూడదని అదే పద్ధతి పట్టాడు.

బావమరిది తన కారు చూసే నెల్లూరు మెకానిక్‌కు ఫోన్ చేస్తే అతను నవ్వాడు.

"మీ చెరువులో మంట ఉండాదా అన్నా? ఇంజను కాడ పైపు ఎర్రగా కాలతాది. ఆ వేడికి పూత నిలుస్తాదో లేదో రొయ్యలకేం తెలుసు?"

"అయితే స్టీలుదే బిగించమంటావా?"

"అది తుప్పు పట్టిందంటివే!"

బావమరిది ఫోన్ పెట్టేసి, రెండు ముక్కల్నీ మళ్లీ చెరువులోకి దించాడు. కారు ఇంకా హెడర్లు లేకుండా షెడ్డులోనే ఉంది.